జడ ఎవరిది?

కూచిపూడి భామాకలాపంలో సత్యభామ తెర మీదుగా జడ వేసి సవాలు విసరడం గురించి పేజీలకు పేజీలు రాశారు. తరతరాలుగా ఆ జడ వేసుకున్నది మగవాళ్లు. వేదాంతం సత్యనారాయణ శర్మ (1935-2012) సత్యభామగా ఎంత గొప్పవారో కాదనను. ఆ జడలో సొంత జుట్టెంత అని మాత్రం ఎవరూ అడగలేదు.

జుట్టు సంగతి ఆడవాళ్లనడగాలి. అనకాపల్లిలో నాట్యం నేర్చుకునే రోజుల్లో నాది పలచని, పట్టులా జారే జుట్టు. తలంటుకున్న రోజు పువ్వు నిలవదు, అందుకని ముందురోజే తలంటి కాస్త నూనె రాసేవారు. మొదటి పాయల్లోనే సవరం కలిపి బిగించి అల్లేవారు. మల్లెదండని జుట్టుకి కాదు, సవరం తాడుకి కట్టి, దండ దారం మీదుగా స్లైడ్లు అడ్డంగా ఒకటి, నిలువుగా ఒకటి గుచ్చేవారు. పూలజడైతే సూదీదారంతో జడకే కుట్టేయడం. గిరగిరా తిరిగేటప్పుడు బరువు దారం మోయాలి, వెంట్రుక కాదు. ఈ చేతిపనిని ఏ నాట్యచరిత్రా లెక్కలోకి తీసుకోదు!

భామాకలాపాన్ని గోదావరి జిల్లాల్లో కళావంతుల స్త్రీలూ ఆడారు. వాళ్ల తలలో పువ్వు కళ కాలేదు, నడవడికి సాక్ష్యమైంది. 1947 నాటి మద్రాసు దేవదాసీల చట్టం అంకితమివ్వడాన్ని ఆపింది, ఆపాల్సిందే. కాని ఆలయాల్లో, దేవుడి ఊరేగింపుల్లో నాట్యాన్ని కూడా నిషేధించింది. అనకాపల్లి అప్పుడు మద్రాసు పాలనలోదే. చట్టంలో రాసిన మాట 'స్త్రీ'. పెట్టుడు జడ వేసుకున్న సత్యభామకి అది వర్తించలేదు.