దిల్‌సుఖ్‌నగర్ ఫ్లెక్సీలు, థాలేట్ల లెక్క

హైదరాబాదులో విజయవాడ రహదారి వెంట పెరిగిన దిల్‌సుఖ్‌నగర్, ఎల్‌.బి.నగర్ ప్రాంతాలలో బోర్డులు, బ్యానర్లు రాసేవారికి గిరాకీ రెండు వైపుల నుంచి వచ్చింది. ఒకవైపు కోణార్క్, వెంకటాద్రి వంటి సినిమా హాళ్లు ఉంటే, మరోవైపు నల్లగొండ, ఖమ్మం, మహబూబ్‌నగర్ జిల్లాల నుంచి వచ్చే విద్యార్థులను నమ్ముకొని చైతన్యపురి దాకా వరుసకట్టిన కోచింగ్ సెంటర్లు, కంప్యూటర్ శిక్షణ సంస్థలు, హాస్టళ్లు ఉండేవి. గుడ్డమీద, రేకుమీద, గోడమీద కుంచెతో సాగిన ఈ పని 2000 తర్వాత కొద్ది ఏళ్లలోనే ఫ్లెక్సీ యంత్రం పాలైంది. అయితే ఆరోగ్యకరమైన వృత్తిని ఫ్లెక్సీ చెడగొట్టిందనడం సరికాదు. ఆర్టిస్టులు వాడిన పసుపు ఎనామిల్ రంగులలో సీసం కలిసిన క్రోమేటు సాధారణం. ఇళ్లకు, అలంకరణకు వాడే రంగులలో సీసాన్ని పది లక్షల భాగాలకు 90 భాగాలకు మించనీయని నిబంధన 2017 నవంబరులో గాని అమలులోకి రాలేదు. కుంచె పోయినందువల్ల ప్రమాదం పోలేదు, దాని స్వభావం మారింది.

ఫ్లెక్సీ అంటే పాలిస్టర్ దారాల వలకు రెండు వైపులా పీవీసీ పూత పట్టించిన పట్టా. పీవీసీ సహజంగా బిరుసైన పదార్థం కాబట్టి, దానిని చుట్టలు చుట్టడానికి వీలుగా మెత్తబరిచే నూనె వంటి ద్రవాన్ని, అంటే ప్లాస్టిసైజర్‌ను, కలపవలసి ఉంటుంది. ఇటువంటి ద్రవాలలో థాలేట్లు ముఖ్యమైనవి. సెల్యులాయిడ్‌ను మెత్తబరచడానికి వాడిన కర్పూరానికి బదులుగా ఇవి 1920లలో రంగప్రవేశం చేశాయి. 1926లో అమెరికాలోని గుడ్‌రిచ్ కంపెనీలో వాల్డో సెమన్ పీవీసీని సాగే పదార్థంగా మార్చిన తర్వాత వీటి అవసరం ఎన్నో రెట్లు పెరిగింది. వర్తకులు డీఓపీ అని పిలిచే డీఈహెచ్‌పీ ఆ కుటుంబంలో అన్నిటికంటె విరివిగా వాడుకలోకి వచ్చింది. థాలేటు పీవీసీతో రసాయనికంగా ముడిపడదు. వత్తిలో నూనె నిలిచినట్టు నిలిచి, వేడికి, రాపిడికి, కాలక్రమేణా బయటపడుతుంది.

దాని హానిపై శాస్త్రవేత్తల చూపు 1970లలో మళ్లింది. మాస్కోలో కృత్రిమ తోలు తయారుచేసే 147 మంది కార్మికులను పరీక్షించిన వైద్యులు చేతులు, కాళ్లలో నొప్పి, తిమ్మిరి వంటి నాడీసంబంధ లక్షణాలను 1973లో నివేదించారు. ఆ కార్మికులలో కొందరు ట్రైక్రెసిల్ ఫాస్ఫేటుకు కూడా గురైనందున, దోషాన్నంతా థాలేట్లపైనే మోపడం కష్టమైంది. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ డీఈహెచ్‌పీని 1982లో క్యాన్సర్ కలిగించగలదేమోనన్న జాబితాలో చేర్చి, 2000లో ఎలుకల కాలేయంలో జరిగేది మనుషులకు వర్తించదంటూ తొలగించి, 2011లో మళ్లీ చేర్చింది. గర్భంలోని మగ పిల్లల హార్మోన్లపై ప్రభావానికి జంతు పరిశోధనల ఆధారం మాత్రం 1990ల తర్వాత బాగా బలపడింది. 2015 ఫిబ్రవరి నుంచి ఐరోపా సమాఖ్యలో డీఈహెచ్‌పీ, డైబ్యూటైల్ థాలేట్లను ప్రత్యేక అనుమతి లేకుండా వాడే వీలు లేదు.

ఫ్లెక్సీ దుకాణంలో ముక్కుకు తగిలే ఘాటు థాలేటుది కాదు, ఇంకును పలుచన చేసే సాల్వెంట్లది. దాదాపు వాసన లేని థాలేటు ఆ ఘాటు చాటున మరుగున పడుతుంది. మామూలు గది వేడిలో అది ఆవిరయ్యేది స్వల్పమే కనుక, పీవీసీని బాగా వేడిచేసి పూత పట్టించే కర్మాగారంలో ఉన్నంత ముప్పు ప్రింటింగ్ గదిలో ఉంటుందనుకోనక్కరలేదు. పెద్ద హోర్డింగు కోసం రెండు పట్టాల అంచులను వేడిగాలి గన్నుతో అతికించేటప్పుడు మాత్రం పొగ లేస్తుంది. కొత్త రోలును ఎత్తి, పరిచి, కత్తిరించి, ఐలెట్లు కొట్టే చేతులకు జిడ్డు అంటుతుంది. ఆ చేతులతోనే అన్నం తింటే అది కడుపులోకి పోతుంది.

గాలిలోని థాలేటును కొలవడానికి కార్మికుడి నడుముకు చిన్న పంపు కట్టి, దాని గొట్టాన్ని మెడపట్టీ దగ్గరి వడపోత కాగితానికి కలుపుతారు. ముక్కు పీల్చే గాలి వంటిదే ఆ కాగితం గుండా పోవాలన్నది ఉద్దేశం. తర్వాత ప్రయోగశాలలో కాగితానికి పట్టినదాన్ని ద్రావణితో కరిగించి గ్యాస్ క్రోమటోగ్రఫీతో లెక్కగడతారు. చర్మం ద్వారా, నోటి ద్వారా చేరినది ఈ లెక్కకు అందదు. దానికి మూత్రపరీక్ష కావాలి. శరీరం థాలేటును కొన్ని గంటలలోనే విడగొట్టి బయటకు పంపుతుంది కనుక, పని ముగిసిన వెంటనే నమూనా తీసుకొని, మూల పదార్థాన్ని కాక దాని నుంచి పుట్టిన పదార్థాలను వెదకాలి. నమూనా పట్టే డబ్బా, పరీక్షకుడి వినైల్ గ్లవ్స్ సైతం థాలేట్లను వదలవచ్చు కాబట్టి, అజాగ్రత్తగా చేసిన కొలత కార్మికుడిని కాక పరీక్షకుడి సరంజామానే కొలుస్తుంది.

భోపాల్ దుర్ఘటన తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేర్చిన రెండవ షెడ్యూలు, పని ప్రదేశంలోని గాలిలో డైబ్యూటైల్ థాలేటు 8 గంటల సగటున ఘనపు మీటరుకు 5 మిల్లీగ్రాములు మించరాదన్నది. సంఖ్య స్పష్టంగానే ఉన్నా, విద్యుత్తు వాడేచోట కనీసం 10 మంది పనిచేస్తేనే 1948 నాటి ఆ చట్టం దృష్టిలో అది ఫ్యాక్టరీ అయ్యేది. ఒక యంత్రం, ఒక డిజైనర్, ఒకరిద్దరు కుర్రాళ్లతో నడిచే దుకాణం 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టం కిందికి వస్తుంది. పని గంటలు, సెలవులు, జీతాల మీదనే ఆ చట్టానికి ప్రధానంగా దృష్టి. 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కొత్త వృత్తి భద్రతా కోడ్ ఆ 10ని 20కి పెంచింది.

పొరుగున ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 ఆగస్టులో విశాఖపట్నంలో ఫ్లెక్సీల నిషేధాన్ని ప్రకటించినప్పుడు సముద్రంలో పేరుకునే ప్లాస్టిక్ వ్యర్థాల పేరు చెప్పింది. యజమానులు యంత్రాలకు తెచ్చిన అప్పులు, పనివాళ్ల ఉపాధి పేరు చెప్పి గడువు కోరగా, అమలు 2023 జనవరి 26కు వాయిదా పడింది. ఫ్లెక్సీకి బదులు గుడ్డ వాడమన్న సూచన అమలైతే థాలేటు చాలావరకు దుకాణం వదిలిపోతుంది గాని, అదే యంత్రం మీద అదే సాల్వెంట్ ఇంకు వాడినంత కాలం ఘాటు మాత్రం అక్కడే ఉంటుంది.