కట్టుబడి: పన్నా, బంటా?

తమ పూర్వుడు పాలెగాని కొలువున సైనికుడని ఓబులదేవరచెరువు ప్రాంతపు కుటుంబ మొకటి చెప్పుకొన్నచో, దానిని నిరూపించు టెట్లు?

ఈ సీమ 1800లో నిజామునుండి ఈస్టిండియా కంపెనీకి సంక్రమించినది. 1807 వఱకు ప్రధాన కలెక్టరుగా నుండిన మన్రో పాలెగాండ్ర నణచెను, చేనుచేనును కొలిపించెను. పాలెగాండ్ర బంట్లకు జీతమునకు బదులు తక్కువ పన్నుపై మాన్యము లుండెడివి. ఆ పన్నునకు ‘కట్టుబడి’ యని పేరు. ఆ బంట్లకును అదే పేరు. చిక్కంతయు నిచ్చటనే కలదు. 1858లో ఏర్పడిన ఇనాం కమిషను రిజిస్టరులలో, యుద్ధముతో సంబంధము లేని మాన్యముల యెదుట గూడ కట్టుబడి కనబడును. అది పన్నే కాని బంటుతనము కాదు. కావున మాన్యము దేనికై యీయబడెనో తెలుపు గడిని ముందు చూడవలెను.

కేవలము పాలెగాని కొలిచినవాని పేరు మదరాసు సైన్యపు పట్టికలలో నుండదు. 1871 నాటి జనగణన నివేదికలు మొత్తముల నిచ్చును గాని సామాన్యుల పేరుల నీయవు. నిలుచునది భూమి లెక్కయే. కదిరి తాలూకా 1910లో కడప జిల్లానుండి అనంతపురమునకు మారినది. అంతకు ముందటి లెక్కలను కడప దస్త్రములలో వెదకవలెను. తాతపేరు మనుమనికి పెట్టు నాచార ముండుటచే పేరు కలిసిన చాలదు. తండ్రిపేరును, చేని గుర్తును కలియవలెను.

ఇవి కలియనిచో పూర్వుని బంటుగా నిలుపరాదు. మాన్యము దున్నిన రైతుగా నాతని గుర్తించుటయు గౌరవమే యని మా యభిప్రాయము.