తెల్లని నేల, రంగుల తీగ

1930ల నాటి ఇంగ్లిష్ టీ సెట్లలో ఒక రకాన్ని 'చింట్జ్' సామాను అంటారు. కప్పు, సాసరు, పాలగిన్నె, చక్కెర గిన్నె, ఏది తీసుకున్నా వేలు పెట్టే సందు లేకుండా పూలే. చింట్జ్ నిజానికి పింగాణీ పేరు కాదు, బట్ట పేరు. హిందీ 'ఛీంట్' అలా మారింది. మన ముందుతరం ఆడవాళ్లు చీటి గుడ్డ, చీటి పరికిణీ అన్నదీ దాన్నే. టీ కప్పుకు బట్ట పేరు రావడం వెనక మన బందరు రేవు కూడా ఉంది.

ఇంగ్లిష్‌వారి 'గ్లోబ్' ఓడ 1611లో మచిలీపట్నం వచ్చింది. వాళ్ల అసలు ఆశ మిరియాల మీద. మిరియాలు దొరికే దీవుల్లో మన తీరపు అద్దకం బట్టలకు మంచి గిరాకీ ఉండేది కాబట్టి ముందు ఆ బట్టలు కొనుక్కోవలసి వచ్చింది. బట్టను కరక్కాయ రసంలో, గేదెపాలలో తడిపి ఆరబెట్టి, ఎరుపు రావలసిన చోట పటిక నీళ్లు అద్ది, చిరివేరుతో ఉడికిస్తారు. పటిక తగిలిన చోటే ఎరుపు పట్టుకుంటుంది, ఎన్ని ఉతుకులకైనా దిగదు. నూలు మీద అలా రంగు నిలిపే విద్య అప్పటికి ఐరోపా అద్దకంవారి చేతికి రాలేదు. కాలక్రమంలో ఆ బట్టలు లండన్ పడకలకూ, గోడలకూ, గౌన్లకూ ఎక్కాయి.

ఈ కథలో నాకు అన్నిటికన్నా ముఖ్యంగా తోచేది 1643 నాటి ఒక ఉత్తరం. పూల దుప్పట్లలో తెల్లని నేల ఎక్కువ కనబడాలనీ, పూలూ కొమ్మలూ రంగుల్లో ఉండాలనీ ఈస్ట్ ఇండియా కంపెనీ డైరెక్టర్లు సూరతులోని తమ వర్తకులకు రాశారు. తర్వాత నమూనాలు కూడా లండన్ నుంచే రావడం మొదలైంది. అక్కడ గీసిన తీగను ఇక్కడి కలంకారీ చేతులు తమ అలవాటు కొద్దీ మలిచేవి. అందుకే ఆ పువ్వు మొత్తం మనదేనని నేను అనను. అది బేరంలో పుట్టిన పువ్వు, దానికి రెండు తీరాల వాళ్లూ కర్తలే. తెల్లని నేల మీద రంగుల తీగను ఇష్టపడే కన్ను మాత్రం ఇంగ్లండుకు ఈ బట్టలతోనే బాగా అలవాటైందని నా అభిప్రాయం.

పట్టు, ఉన్ని నేతగాళ్ల ఒత్తిడికి తలొగ్గి పార్లమెంటు 1700లో అద్దకం బట్టల దిగుమతిని నిషేధించింది. 1721లో వాటిని కట్టుకోవడాన్నే చాలావరకు నేరం చేసింది. 1774లో ఆ చట్టం సడలేసరికి అచ్చొత్తే పని ఇంగ్లండే నేర్చుకుంది.

కుమ్మరులూ ఇదే దారి పట్టారు. 1756లో లివర్‌పూల్‌లో సాడ్లర్, గ్రీన్ అనే ఇద్దరు ఆరు గంటల్లో 1,200 పెంకులకు (టైల్స్‌కు) బొమ్మలు అచ్చు వేశామని ప్రమాణపత్రం ఇచ్చారు. చెక్కిన పలక మీది రంగును పల్చని కాగితానికి ఎత్తి, దాన్ని పెంకుకు అద్దడమే కిటుకు. 1784లో టీ మీద పన్ను 119 శాతం నుంచి 12.5 శాతానికి దిగింది. టీ సామాన్యుల ఇంటికి రావడంతో కప్పులకూ గిరాకీ పెరిగింది. 1790ల్లో స్టాఫర్డ్‌షైర్‌లో స్పోడ్ కుటుంబం బోన్ చైనా తయారీ పద్ధతిని స్థిరపరిచింది. అందులో దాదాపు సగం పశువుల ఎముకల బూడిదే. ఆ కప్పును వెలుగుకు ఎత్తితే వెనక ఉన్న వేళ్ల నీడ కనిపిస్తుంది.

సాయంత్రపు టీ విందును 1840 ప్రాంతంలో బెడ్‌ఫర్డ్ డచెస్ అన్నా మొదలుపెట్టిందని చెప్పుకుంటారు. ఎవరు మొదలుపెట్టినా, బల్ల మీది సామాను అందరి కళ్లూ పడే వస్తువైంది.

స్టోక్‌లోని గ్రిమ్‌వేడ్స్ వారు రాయల్ వింటన్ పేరుతో అమ్మిన 'మార్గరీట్' నమూనా 1928లో వచ్చింది. చింట్జ్ సామాను మోజుకు అదే పెద్ద ఊపు. ఇది బోన్ చైనా కాదు, మామూలు మట్టిపాత్ర. పనంతా పూలు అచ్చువేసిన కాగితంలో ఉంది. అతికించేది ఎక్కువగా ఆడవాళ్లే. కాగితం చదునైనది, టీ కుండ గుండ్రనిది. కత్తెరతో గాట్లు పెట్టి, ముడత పడకుండా వంపుల మీద పరిచి, గట్టిగా రుద్ది, ఆ తర్వాత తడిపి కాగితాన్ని ఊడదీయాలి. మూతకు వేరే ముక్క, కొమ్ముకు వేరే ముక్క. పిడి మొదట్లో చూస్తే అతుకు దొరుకుతుంది: సగం పువ్వు ఆగిపోయి, దాని పక్కనే వేరే పువ్వు సగం మొదలవుతుంది. బందరు దగ్గరి పెడనలో చెక్క అచ్చుతో అద్దే పనివాడు కూడా ఒక అచ్చు పక్కన ఇంకో అచ్చు పెట్టేటప్పుడు ఇలాంటి అతుకు మీదే కన్నేసి ఉంచుతాడు.

యుద్ధకాలంలో, 1942 నుంచి, ఇంగ్లండు ప్రజలకు పూల సామాను అమ్మడం ఆపేశారు. పూలన్నీ ఎగుమతికే, ఇంటివారికి ఒట్టి సాదా కప్పులు. ఆ కట్టడి 1952లో తొలగింది. అయితే చేత్తో అంత కాగితం అతికించే పని ఇక గిట్టుబాటు కాలేదు. 1962లో హెరాల్డ్ హోల్డ్‌క్రాఫ్ట్ రాయల్ ఆల్బర్ట్ కంపెనీకి 'ఓల్డ్ కంట్రీ రోజెస్' గీశాడు. అది బోన్ చైనా. ఎరుపు, గులాబీ, పసుపు రంగుల రోజాలు గుత్తులుగా ఉంటాయి, అంచున బంగారు గీత, పూల మధ్య మళ్లీ విశాలంగా తెల్లని నేల.