లెక్కల్లో తగ్గిన క్రైస్తవులు

1971 జనాభా లెక్కల్లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో క్రైస్తవులు 4.19 శాతం. 2001కి 1.55, 2011కి 1.34. ఈ లెక్క పట్టుకుని గోదావరి డెల్టాకొచ్చినవాడు తెల్లబోతాడు. అమలాపురం నుంచి నరసాపురం దాకా దళితపేటల్లో చర్చిలు కనబడతాయి, ఆదివారం మైకులు వినబడతాయి. మరి జనం ఎటుపోయారు? ఎటూ పోలేదు. కాగితంమీద హిందువులయ్యారు.

ఇక్కడ క్రైస్తవం ఎవరో అంటగట్టింది కాదు. 1836లో ఇండియాకొచ్చిన బౌడెన్, బీర్ నరసాపురంలో మిషను పెట్టారు. 1847-52 మధ్య ధవళేశ్వరం ఆనకట్టకి రాళ్ళూ మట్టీ మోసిన కూలీలకి సువార్త చెప్పారు. గుడి గుమ్మం తొక్కనివ్వని వాళ్ళకి పలకా బలపం, కూర్చోడానికింత చోటు దొరికాయి. తమకుతామే ఎంచుకున్నారు. (అలాగని చర్చిలో కులం చచ్చిందనుకోవద్దు. చాలా ఊళ్ళలో మాలల చర్చి వేరు, మాదిగల చర్చి వేరు.)

ఆ ఎంపికకి ధర కట్టింది ముందు తెల్లదొరే. 1936 షెడ్యూల్డు కులాల ఉత్తర్వు క్రైస్తవుల్ని ఆ జాబితాలో లేకుండా చేసింది. 1950లో స్వతంత్ర భారతం కూడా అదే దారి పట్టింది. 1956లో సిక్కులకి, 1990లో బౌద్ధులకి తలుపు తీశారు. క్రైస్తవులకి, ముస్లింలకి తియ్యలేదు. రాజ్యాంగం 25వ అధికరణంలో మతస్వేచ్ఛ ఇచ్చింది, కులం సర్టిఫికెట్టు దగ్గర దాన్ని వెనక్కి లాక్కుంటున్నారు. మతం మారిన ఎస్సీకి రాష్ట్రంలో దక్కింది బి.సి.-సి కింద ఒక్క శాతం. అందుకే బాప్తీస్మానికొక పేరు, బడి రిజిస్టరుకొక పేరు. అగ్రవర్ణాలవాళ్ళు దీన్ని మోసమంటారు. చదువో దేవుడో, ఏదో ఒకటే తేల్చుకొమ్మన్న లౌకిక రాజ్యాన్ని ఏమనాలి?

మతం మారితే కులం పోతుందా? 1985 జూలైలో ప్రకాశం జిల్లా కారంచేడులో కమ్మ భూస్వాములు ఆరుగురు మాదిగల్ని చంపారు. ఆ పేటలో చాలామంది క్రైస్తవులే. అదే ఏడాది సెప్టెంబరులో సూసై కేసులో సుప్రీంకోర్టు, మతం మారాక కూడా కులబాధ అంతే తీవ్రంగా ఉందని రుజువు చూపమంది. రుజువు అంతకు రెండు నెలల ముందే చీరాల శిబిరంలో కూచుని ఉంది!

దళిత క్రైస్తవుల్ని ఎస్సీల్లో చేర్చమని మన అసెంబ్లీ 2009లోనూ 2023లోనూ తీర్మానించింది. 2022లో కేంద్రం బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2025 ఏప్రిల్ 30న ఆంధ్రప్రదేశ్ హైకోర్టు, ఒక పాస్టరు పెట్టిన అట్రాసిటీ కేసు కొట్టేసింది. ఆయన మతం మారాడు కాబట్టి ఆ చట్టం వర్తించదట. తనని కులం పేరుపెట్టి తిట్టి కొట్టారనే ఆ పాస్టరు ఫిర్యాదు చేసింది.