క్రియాటిన్ వచ్చిందంట!

వెలిగండ్ల, కనిగిరి వైపు పలకరింపుకు వెళితే "ఆయనకు క్రియాటిన్ వచ్చిందంట" అనే మాట వినపడుతుంది, జ్వరం వచ్చిందన్నట్టే. అది రోగం పేరు కాదు. రక్తపరీక్ష కాగితం మీద ఉండేది క్రియాటినిన్. క్రియాటిన్ వేరు, జిమ్ముల్లో కుర్రాళ్లు కొనే పొడి అదే. 1832లో ఫ్రెంచి రసాయనవేత్త షెవ్రెల్ మాంసరసంలో ఒక పదార్థాన్ని కనిపెట్టి, మాంసాన్ని చెప్పే గ్రీకుమాట 'క్రియస్' నుంచి క్రియాటిన్ అని పేరు పెట్టాడు. దాన్నుంచి పుట్టేదానికి 1847లో జర్మనీవాడు లీబిగ్ క్రియాటినిన్ అన్నాడు. క్రియస్‌కు సంస్కృతంలో తోబుట్టువు 'క్రవ్యం', పచ్చిమాంసం. రాక్షసుణ్ణి క్రవ్యాదుడు అనడం అందుకే. మాటలో మాంసం ఉందని గుర్తుంటే కాగితం చదవడం తేలిక: క్రియాటినిన్ కండల నుంచి వచ్చే వ్యర్థం, కిడ్నీలు వడకట్టి మూత్రంలోకి పంపాలి. కండ కరిగిన ముసలివాళ్లలో కిడ్నీ దెబ్బతిన్నా అంకె మామూలుగానే కనపడొచ్చు. క్రియాటినిన్ అదే 1.2 ఉన్నా పాతికేళ్ల కుర్రాడికి ఈజీఎఫ్‌ఆర్, అంటే కిడ్నీల వడపోత అంచనా, దాదాపు 86, అరవై అయిదేళ్ల అవ్వకు 50. ఈ లెక్క మూడు నెలలకు పైగా 60 లోపే ఉంటే దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు. "క్రియాటిన్ తగ్గే మందు రాయండి" అని డాక్టరును బతిమాలే బదులు ఈజీఎఫ్‌ఆర్ ఎంతో, మూత్రంలో అల్బుమిన్ పోతోందో లేదో అడగండి. బీపీ, షుగరు అదుపులో పెట్టుకోండి. ఒళ్లునొప్పులకని మెడికల్ షాపులో కిడ్నీలకు చేటు చేయగల బిళ్లలు అడిగి మింగడం దయచేసి ఆపండి.