తంజావూరు యాత్ర: బయలుదేరుటకు ముందు చేయవలసిన పని

కావేరీ తీరమున తరతరములుగా స్థిరపడిన తెలుగువారమగు మాకు తంజావూరు దూరపుటూరు కాదు. మేము నివసించు తిరుచిరాపల్లికి అది సుమారు 60 కిలోమీటర్లు. వేకువను బస్సెక్కినచో ఫలాహారపు వేళకు చేరవచ్చును. ఇంత దగ్గరగా నుండుటచేతనే కాబోలు, ఆ యూరిని చూచుటకు ముందుగా సిద్ధపడవలెనన్న తలంపు మాకు చాలకాలము కలుగలేదు. చారిత్రక స్థలమును దర్శించుట యనగా వాహనమును కుదుర్చుకొని, పులిహోర పొట్లములు కట్టుకొని పోయి వచ్చుటయే యని యెంచితిమి. అది పొరపాటని మాకు తెలిసిన విధమును, దానిని దిద్దుకొన్న విధమును ఈ వ్యాసమున విన్నవించుచున్నాము. మనవంటి ప్రవాసాంధ్ర సమాజముల వారికి ఇది కొంత యుపకరింపవచ్చునని మా యాశ.

కొన్ని సంవత్సరములకు పూర్వము మా సమాజము పక్షమున పిల్లలను తంజావూరునకు తీసికొనిపోవు భారము మాపై పడినది. ముప్పది యేండ్లకు పైగా గుమాస్తా పని చేసినవారము గనుక కార్యక్రమ పత్రమును మిగుల శ్రద్ధతో వ్రాసితిమి. ఒక్క దినమున ఏడు స్థలములు. ఒక్కొక్క దానికి నలుబది నిమిషములు. కాగితముమీద దానికి వంకపెట్ట వీలులేదు. కాని త్రోవలో ఆలస్యమై మేము పెద్దగుడికి చేరుసరికి మధ్యాహ్నమైనది; తలుపులు మూయుచుండిరి. ఎండకు కాగిన రాతిపరుపుపై చెప్పులు లేని చిన్నపిల్లలు అడుగులు వేయలేక ఏడ్చిరి.

అచ్చటినుండి సరస్వతీ మహల్ గ్రంథాలయపు ప్రదర్శనశాలకు పోయితిమి. అద్దము క్రింద నొక తాటాకు ప్రతి యుండెను. పదేండ్ల బాలుడొకడు మా చేయి పట్టుకొని, "తాతా, ఇది ఏ భాష?" అని యడిగెను. "తెలుగేరా" అంటిమి. "మనం ఇంట్లో మాట్లాడేదేనా? అయితే చదువు" అనెను. మేము కండ్లజోడు సవరించుకొని వంగితిమి. ఆ వ్రాతలో మాటకును మాటకును నడుమ ఎడము లేదు. గంటముతో గీసిన యక్షరములు నేటి యచ్చుటక్షరములవలె లేవు. ఒక పంక్తిలో రెండు మాటలు మాత్రము కూడదీసికొని ఆగిపోతిమి. సిగ్గును కప్పిపుచ్చుకొనుటకై, "మీలో తెలుగక్షరములు వచ్చినవారెవరు?" అని పిల్లల నడిగితిమి. ఇరువది మువ్వురిలో ఇద్దరు చేతులెత్తిరి. మిగిలినవారందరును ఇంట తెలుగు మాటలాడువారే; బడిలో తమిళమును ఇంగ్లీషును చదువువారే. తిరుగు ప్రయాణమున మేము ఎవరితోను మాటలాడలేదు.

మా తాతముత్తాతల భాషలో వ్రాసిన గ్రంథములు మనకు కూతవేటు దూరమున భద్రముగా నున్నవి. వానిని చదువవలసిన వారసులు మాత్రము అద్దమునకీవల నిలిచి చిత్రపటములను చూచినట్లు చూచుచున్నారు. ఈ లోపము బస్సుది కాదు, వేళది కాదు. యాత్ర ఇంటివద్దనే ప్రారంభము కావలెను.

మరుసటి యేడు మేము కార్యక్రమ పత్రమును వేరు రీతిగా వ్రాసితిమి. ప్రయాణమునకు ముందు పండ్రెండు ఆదివారములు పిల్లలకు ఓనమాలు మొదలుకొని గుణింతముల వరకు నేర్పితిమి. అక్షరాభ్యాసము ముగిసిన పిమ్మట అరగంట సేపు తంజావూరు కథ చెప్పుచుంటిమి. ఏడు స్థలములను నాలుగింటికి తగ్గించి, ఒక దినమును రెండు దినములు చేసితిమి.

కథను పెద్దగుడితో ప్రారంభించితిమి. మొదటి రాజరాజచోళుడు నిర్మించిన ఈ బృహదీశ్వరాలయము 1010లో పూర్తియైనది. దీని విమానము ఎత్తు సుమారు 216 అడుగులు. ఇది చోళుల గుడి గదా, మనకేమి సంబంధమని పిల్లలడుగుదురు. రాజరాజచోళుని కుమార్తె కుందవ్వను వేంగీ చాళుక్యుడగు విమలాదిత్యుడు వివాహమాడెను. వారి కుమారుడే రాజరాజనరేంద్రుడు. నన్నయభట్టుచేత మహాభారతమును తెలిగింపజేసిన ప్రభువు. అనగా ఈ గుడి కట్టించినవాడు మన యాదికావ్యమునకు కారకుడైన రాజునకు మాతామహుడు. ఆ నరేంద్రుని కుమారుడే 1070లో కులోత్తుంగుడను పేర చోళసింహాసన మెక్కెను. రాజరాజచోళుని యక్కగారి పేరును కుందవ్వయే గనుక ఈ యిద్దరిని కలిపివేయకుండునట్లు పిల్లలకు వంశవృక్షమును గీయించుట మంచిది.

ఆలయపు గోడలపై నున్న తమిళ శాసనములను వృత్తిరీత్యా మేము ప్రత్యేకముగా మెచ్చుకొనుచుందుము. తానును, తన యక్కయు, రాణులును, ఇతరులును ఇచ్చిన కానుకలను రాతిపై చెక్కుడని రాజు ఆజ్ఞాపించెను. నగల తూకములును, నాలుగువందల మంది ఆలయ నర్తకీమణుల పేర్లును, వారి యిండ్ల వరుసలును, వారికి ముట్టవలసిన ధాన్యమును అందు లెక్కగా నున్నవి. వేయి సంవత్సరములైనను చెదపట్టని దస్త్రమిది. రాజులనేగాక సామాన్యులను కూడ చరిత్ర జ్ఞాపకముంచుకొనునని పిల్లలకు చూపుటకు ఇంతకు మించిన పాఠము లేదు.

గర్భాలయము చుట్టునున్న మార్గమున నాయకరాజుల నాటి చిత్రముల క్రింద చోళుల నాటి వర్ణచిత్రములు దాగియుండగా 1931లో యస్.కె. గోవిందస్వామిగారు వానిని కనుగొనిరి. అచ్చటికి సామాన్యులకు ప్రవేశము దొరకదు గనుక వాని ప్రతికృతులను ముందుగనే చూపవలెను. ఎదుటనున్న ఏకశిలా నంది మాత్రము చోళులది కాదు, నాయకుల కాలపుది. ఒకే ప్రాంగణమున ఏ కాలపు పని యేదో గుర్తించుట పిల్లలకు మంచి వినోదము.

రెండవది రాజప్రాసాదము. 1532 ప్రాంతమున శేవప్పనాయకునితో తంజావూరున తెలుగు నాయకుల యేలుబడి ప్రారంభమైనది. వారిలో రఘునాథనాయకుడు 1600 మొదలు 1634 వరకు పాలించెను. చేమకూర వేంకటకవి విజయవిలాసమును ఆయనకే యంకిత మిచ్చెను. 1620లో డేనులు తరంగంబాడిలో కోట కట్టుకొనుటకు అనుమతి నిచ్చినదియు నాయనయే. ఆయన కుమారుడు విజయరాఘవుడు స్వయముగా యక్షగానములు రచించెను. ఆయన సభలో రంగాజమ్మ మన్నారుదాస విలాసమును వ్రాసెను. 1673లో మధుర నాయకుల దాడిలో విజయరాఘవుడు మరణింపగా ఆ రాజ్యము ముగిసినది.

తరువాత వచ్చినవారు మరాఠీలు. వారి యింటి భాష మరాఠీ, ప్రజల భాష తమిళము. అయినను 1684 మొదలు 1712 వరకు ఏలిన శాహజీ తెలుగున గేయనాటకములు రచించెను. ముద్దుపళని రాధికాసాంత్వనమును వ్రాసినదియు మరాఠీ రాజగు ప్రతాపసింహుని కాలముననే. రెండవ శరభోజి, 1798 మొదలు 1832 వరకు, గ్రంథాలయమును మిక్కిలి వృద్ధి చేసెను. 1918లో అది ప్రజల యుపయోగమునకు వచ్చినది. తల్లిభాష కానివారే తెలుగును ఇంతగా ఆదరించి దాచిపెట్టిరన్న మాట చెప్పినప్పుడు పిల్లలకంటె వారి వెంట వచ్చిన తలిదండ్రులే ఎక్కువగా ఆలోచనలో పడిరి.

రెండవ దినము నడకకు కేటాయించితిమి. తంజావూరునుండి తిరువయ్యారు సుమారు 12 కిలోమీటర్లు. త్రోవలో వడవారు, వెణ్ణారు, వెట్టారు, కుడమురుట్టి, కావేరి అను ప్రవాహములను దాటుదుము. పిల్లలచేత వంతెనలను లెక్కింపజేసితిమి. తమిళమున అయ్యారు అనగా ఐదేరులని అప్పుడు చెప్పితిమి. తిరువయ్యారున బస్సు దిగి, త్యాగరాజస్వామి నివసించిన తిరుమంజన వీధినుండి కావేరి యొడ్డుననున్న సమాధి వరకు నడచితిమి. స్వామి 1767లో జన్మించి 1847లో సిద్ధిపొందిరి. సమాధిపై ఆలయమును కట్టించినది బెంగుళూరు నాగరత్నమ్మగారు. ఆమె 1952లో గతించిరి. ఆమె సమాధియు నచ్చటనే యున్నది. పుష్య బహుళ పంచమినాటి ఆరాధనకు జనసమ్మర్దము మిక్కుటము. పిల్లలకు స్థలమును చూపదలచినవారు వేరు దినమున పోవుట మేలు. వేసవిలో నదులెండి యిసుకయే మిగులును గనుక నీరున్న కాలమును చూచుకొనవలెను.

సాయంకాలము మెలట్టూరు చేరితిమి. అచ్యుతప్పనాయకుడు తెలుగు బ్రాహ్మణ కుటుంబములకిచ్చిన యగ్రహారమగుటచే దీనికి అచ్యుతాబ్ధి యని పేరు. మెలట్టూరు వేంకటరామశాస్త్రిగారు రచించిన ప్రహ్లాద చరిత్ర మున్నగు తెలుగు నాటకములను నృసింహ జయంతి సందర్భమున ఇచ్చట భాగవతమేళముగా నాడుదురు. వీలైనచో వైశాఖమున ఆ రాత్రికే పోయి చూడవలెను.

రెండవమారు కూడ మేము సరస్వతీ మహల్‌లోని ఆ యద్దము ముందు నిలిచితిమి. మొదట ప్రశ్న యడిగిన బాలుడును వచ్చెను. వాడు గ్రంథమును గడగడ చదివినాడని వ్రాసినచో అది యసత్యము. ఒక్కొక్క యక్షరముమీద వ్రేలుంచినట్లు గాలిలో చూపుచు, ఇది 'ర', ఇది 'మ', ఇది తెలియదు, అని చెప్పుకొనుచు పోయెను. తెలియనివి మేము చెప్పితిమి. మాకును తెలియనివి కొన్ని మిగిలినవి. అర్ధగంటలో ఒక పంక్తి యైనది. కార్యక్రమ పత్రమున దానికి పది నిమిషములే వ్రాసియుంటిమి. తొందరపెట్టలేదు.

యాత్ర చేయదలచిన సోదర సమాజముల వారికి మా మనవి యిది. తెరచు వేళలను, సెలవు దినములను ముందుగా విచారించుకొనుడు. ఆలయములను ఉదయమున, ప్రాసాదమును ఎండవేళ, నదీతీరమును సాయంకాలమున చూడుడు. స్థలములను తగ్గించి కాలమును పెంచుడు. ప్రతి బాలునిచేత తాను చూచినదానిని నాలుగు పంక్తులు తెలుగున వ్రాయించుడు. అన్నిటికంటె ముందు పలకయు బలపమును కొనుడు. బస్సును తరువాత కుదుర్చుకొనవచ్చును.