మొదటి పనిముట్టు ఏది?

వడ్రంగం నేర్చుకోవచ్చినవాడికి తరచు దొరికే తొలి పాఠం "జాగ్రత్త" అన్న ఒక్క మాట. మాట మంచిదే, కాని ఏం చేస్తే జాగ్రత్తో అది చెప్పదు. వేలు తెగితే మాత్రం తప్పంతా నేర్చుకొనేవాడిదే అవుతుంది. పనిముట్టును చేతికిచ్చినవాడి బాధ్యత ఏమిటి? ఈ ప్రశ్నకు చరిత్రలో రెండు చెప్పుకోదగ్గ సమాధానాలున్నాయి. ఒకటి పాఠశాల ఇచ్చింది, మరొకటి కర్మాగారం ఇచ్చింది.

ఫిన్లండులో ఊనో సిగ్నేయుస్ కృషివల్ల 1866లో గ్రామీణ ప్రాథమిక పాఠశాలల్లో బాలురకు చేతిపని పాఠ్యాంశమయింది. స్లోయ్డ్ అని పేరుపొందిన ఈ విద్యకు స్వీడన్‌లో గోటెబోర్గ్ సమీపాన ఉన్న నాస్ కేంద్రమయింది. అక్కడ ఓటో సాలమన్ (1849-1907) దేశదేశాల ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చాడు. వడ్రంగులను తయారుచేయడం అతని ఉద్దేశం కాదు. చేతిపని ద్వారా పిల్లల బుద్ధినీ శరీరాన్నీ తీర్చిదిద్దడం.

సాలమన్ పిల్లల చేతికి మొదట ఇచ్చింది కత్తి! వినడానికి వింతగా ఉన్నా, అందులో వివేకముంది. కత్తి పిల్లవాడు ఇంట్లో చూసి ఎరిగిన వస్తువు. దాన్ని కదిలించేది అతని భుజబలమే. చేయి ఆగితే అదీ ఆగుతుంది. మొదట ఒక చిన్న పుల్లను నునుపుగా చెక్కడం, ఆ తరువాత రంపం, చిత్రిక, చివరకు అతుకులు. ప్రతి కొత్త వస్తువూ నిన్న నేర్చినదానికి కొద్దిపాటి కొత్తపని మాత్రమే జోడిస్తుంది. ఎలా నిలబడాలో, పనిముట్టును ఎలా పట్టాలో కూడా పాఠంలో భాగమే. తరగతి మొత్తానికి ఒకేసారి చెప్పడంకంటే ఒక్కొక్కరి పనినీ విడిగా చూడటమే మేలని సాలమన్ నమ్మాడు.

పదును విషయం కూడా ఇలాంటిదే. తొలిసారి ఉలి పట్టినవాడు పదునుకు భయపడతాడు. నిజానికి మొద్దుబారిన ఉలినే ఎక్కువ బలంతో నెట్టాలి. ఆ బలంతోనే అది జారుతుంది. చెక్కను బల్లకు బిగించి, రెండు చేతులూ ఉలి అంచుకు వెనకనే ఉంచితే జారినా గాయం కాదు. ఇక్కడ భద్రత హెచ్చరికలో లేదు, పనిచేసే పద్ధతిలోనే ఉంది.

యంత్రం వచ్చాక ఈ సమాధానం చాలలేదు. చేత్తో నెట్టే చిత్రిక యంత్రంలో బల్ల నడుమ సందు, ఆ సందులో గిరగిర తిరిగే ఇనుప దిమ్మ, దానికి బిగించిన కత్తులు ఉంటాయి. పాతరోజుల్లో ఆ దిమ్మ చతురస్రంగా ఉండేది. దాని చదునైన పక్కలకూ బల్ల అంచుకూ మధ్య ఖాళీ ఎక్కువ; చేయి జారితే వేళ్లు లోతుగా అందులోకి పోయేవి. దిమ్మను గుండ్రంగా చేస్తే ఆ ఖాళీ పూడిపోతుంది, గాయమయినా పైపైన ఆగే అవకాశం ఎక్కువ. బ్రిటన్‌లో 1922 నాటి నిబంధనలు చేత్తో నెట్టే చిత్రిక యంత్రాలకు గుండ్రని దిమ్మ తప్పనిసరి చేశాయి. మనిషి మారలేదు, అతని ఏమరుపాటూ మారలేదు. మారింది ఇనుము ఆకారం.

మన దేశంలో 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం ఈ రెండు దారులనూ కలిపింది. యంత్రాలకు కంచె ఉండాలన్నది. ప్రమాదకరమైన యంత్రం దగ్గర యువకులను పెట్టేముందు అపాయాలనూ జాగ్రత్తలనూ పూర్తిగా వివరించాలనీ, తగిన శిక్షణ గాని, అనుభవజ్ఞుడి పర్యవేక్షణ గాని ఉండాలనీ 23వ సెక్షనులో చెప్పింది. అయితే ఆ చట్టం కింద విద్యుత్తు వాడేచోట కనీసం 10మంది పనివారుంటేనే అది సాధారణంగా ఫ్యాక్టరీ అయ్యేది. గురువూ ఇద్దరు శిష్యులూ ఉన్న వడ్రంగిసాల గడప దగ్గరే ఆ చట్టం ఆగిపోయింది.

ఇప్పుడు కరెంటు రంపం ఇంటికే వస్తోంది. సాలమన్ వరుసలో చోటేలేని పనిముట్టు ఎందరికో మొదటిదవుతోంది. దాని కదలిక మన భుజబలానిది కాదు. మీట వదిలినా చక్రం వెంటనే ఆగదు. దాన్ని కొనిచ్చే తండ్రి, పనిలో పెట్టే మేస్త్రీ "జాగ్రత్త" అని ఊరుకుంటే బాధ్యత తీరదు. ముందు చేతిరంపంతో నాలుగు చెక్కలు కోయించాలి, కరెంటు రంపం కవచం తియ్యకుండా చూడాలి, మొదటి కోతకు పక్కనే నిలబడాలి. జాగ్రత్త అన్న మాటకు అర్థం వచ్చేది అప్పుడే.